చెవికి పురుడు

పదో రోజు పొద్దున మా బాపు డప్పు కాపనని మొండికేశాడు.

మా పరిశోధన సంస్థ వెనక, సైకిళ్లు పెట్టే చోట, కాపలా ఆయన్ని బతిమాలి ఇంత వరిగడ్డి మంట వేశాను. హైదరాబాదు నడిబొడ్డున వరిగడ్డి సంపాదించడం మాటలు కాదు. ఊరి చివర బర్రెల కొట్టం దాకా పోయి తెచ్చాను. బాపు మాత్రం డప్పును మంట మొహం చూడనివ్వలేదు. చంకకు ఆనించుకుని, చిర్రతో ఒక దెబ్బ వేసి, తల పక్కకు వంచి విన్నాడు.

"కాసే ఉన్నది కద బిడ్డా. మల్లెందుకు కాపుడు? తోలు పలుగుతది."

కాచి ఉండటమేమిటి! నాలుగు రోజులుగా అది చల్లటి ఏసీ గదిలో పడి ఉంది. నా చెవికి తడి గోనెసంచి మీద కొట్టినట్టు 'దబ్బు'మంది. తోలు వేడికి బిగిస్తేనే డప్పు కంగుమంటుందని మా వాడలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. ముప్ఫై ఏళ్లు పెళ్లిళ్లకూ చావులకూ జాతరలకూ కొట్టిన మనిషి, పచ్చి డప్పును పట్టుకుని కాచి ఉందంటున్నాడు.

మంట ఆరిపోయేదాకా అక్కడే నిలబడ్డాను. అప్పుడు తట్టింది, తేడా డప్పులో లేదు, బాపు చెవిలో ఉందని. బాపుకు అరవై నాలుగేళ్లు. ఆయన కుడి చెవికి మాత్రం ఆ రోజుకి పది రోజులు.

బాపుకు చెవులు పోయి పదకొండేళ్లు. ఎడమ చెవిలో నరమే చచ్చిపోయింది. కుడి చెవిలో నరం బతికే ఉంది, శబ్దాన్ని పట్టే కణాలు రాలిపోయాయి. నేను చెవి మీద పరిశోధనకు రావడానికి ఇదే కారణమని మా ఊళ్లో అందరూ గొప్పగా చెప్పుకుంటారు. నేనూ కాదనను. నిజానికి నాకు ముందు సీటు దొరికింది, కారణం తర్వాత దొరికింది.

మా ప్రయోగం సంగతి నాలుగు ముక్కల్లో చెబుతాను. చెవి లోపల నత్తగుల్లలా చుట్టుకున్న ఎముక ఉంటుంది. దాని పొడవునా ఒక సన్నటి పొర. ఒక కొస బిర్రుగా ఉంటుంది, రెండో కొస వదులుగా ఉంటుంది. బిర్రు కొస సన్న గొంతుకు కదులుతుంది, వదులు కొస బొంగురు గొంతుకు కదులుతుంది. పొరలో ఏ చోటు కదిలిందో చూసుకుని మెదడు ఇది ఫలానా స్వరమని లెక్క కడుతుంది. ఎలుక పిల్ల పుట్టినప్పుడు ఈ పొర పచ్చిగా ఉంటుంది, పన్నెండు రోజుల దాకా దానికి చప్పుడన్నదే తెలియదు. ఆ తర్వాత రోజురోజుకూ పొర బిగుసుకుని పెద్ద చెవి అవుతుంది. మా నళినీ మేడమ్ ఇరవై ఏళ్లు కూర్చుని, ముసలి చెవిని మళ్లీ ఆ పచ్చిదనానికి తీసుకెళ్లే మందు కనిపెట్టింది. పచ్చి చెవిలో రాలిన కణాలు మళ్లీ మొలుస్తాయి. పొర మళ్లీ మొదటి నుంచీ ఎదుగుతుంది. ఇరవై ఒకటో రోజున రెండో మందు వేసి దాన్ని అక్కడ స్థిరపరుస్తాం. కాగితాల మీద దీనికి చాంతాడంత పేరుంది. ల్యాబులో అందరం 'పురుడు' అంటాం. బాలింతకు పట్టినట్టే మసక గది, గాలి తగలనివ్వకపోవడం, మనిషి తర్వాత మనిషి కాపలా ఉండటం, పెద్ద చప్పుడు లేకుండా చూడటం. అన్నీ అవే కదా మరి.

మనుషుల్లో బాపు నాలుగోవాడు. మొదటి ముగ్గురూ పుట్టుకతోనే వినపడనివాళ్లు. వాళ్లకు పాత గొంతులేవీ గుర్తు లేవు. అందుకే ఏ స్వరం ఎక్కడ పలుకుతోందో మాకు చెప్పగలిగినవాడు బాపు ఒక్కడే. మిషన్‌లో వచ్చే 'కీచు కీచు' పరీక్షలు ఆయనకు ఎక్కలేదు. "నా డప్పు తెచ్చియ్యి, ఏం ఇనవడుతుందో చెప్త" అన్నాడు. మెల్లగా రెండు మూడు దెబ్బలకూ, ఆ కాసేపు గది దాటడానికీ మేడమ్ ఒప్పుకుంటే తెచ్చి ఇచ్చాను.

ఆరిన మంట మీద నీళ్లు చల్లి, మేడమ్ గదికి పరిగెత్తి సంగతి చెప్పాను. ఆవిడది తెనాలి. సంతోషం వచ్చినా కోపం వచ్చినా ముందు "ఆగాగు" అంటుంది.

"ఆగాగు. పొర ఇంకా వదులుగానే ఉంది కదా, అందుకని బొంగురు స్వరం కూడా బిర్రు కొస దాకా ఎగబాకి అక్కడ పలుకుతోందన్నమాట. మెదడేమో పాత లెక్కే చూసుకుంటోంది. అందుకే ఆయనకి అన్నీ సన్నగా వినపడుతున్నాయి. బిగిసేకొద్దీ దిగొచ్చి ఎవరి చోట్లో వాళ్లు కూర్చుంటారులే, నువ్వు కంగారు పడకు."

అంటూనే ఆవిడ లేచి బీరువాలోంచి పాత నోటుపుస్తకం తీసింది. ఆరో నంబరు పంజరం. మందు వేసిన తల్లి ఎలుక. పిల్ల గూట్లోంచి జారి పడి అరుస్తుంటే రెండు రోజులు అది కదల్లేదు. చెవి రిక్కించింది, విన్నది, అయినా లేవలేదు. మూడో రోజు లేచి పోయి పిల్లను నోట కరుచుకుని తెచ్చుకుంది. ఆ పక్కన నా చేతిరాతే ఉంది, 'సర్దుకుంది' అని.

"పిలుపు విన్నదే, పాపం. తన పిల్లదని తెలియలేదు" అంది మేడమ్.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకో మేడమ్‌కు తెలియదు, నేను చెప్పలేదు.

మర్నాడు పొద్దున జావ పట్టుకుని బాపు గదికి వెళ్లాను. ఆయన గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. పదకొండేళ్లుగా బాపుతో మాట్లాడాలంటే ముందు భుజం తట్టాలి, ఆయన మన వైపు తిరగాలి, అప్పుడు పెదాలు చూసి పోల్చుకుంటాడు. ఆ రోజు మరిచిపోయి వెనక నుంచే అడిగాను.

"బాపూ, జావ తాగుతవా?"

ఆయన వీపు బిగుసుకుపోయింది.

"మల్లొక్కసారి అను."

"జావ తాగుతవా అంటున్న."

"తిరుగకుంట ఇంటున్న. ఆగు, దగ్గరికి రాకు." గోడ వైపే చూస్తూ అన్నాడు, "అవ్వ. అచ్చం మీ అవ్వ."

నా గొంతు బొంగురు. బడిలో మగపిల్లలు ఫోన్ చేసి 'స్వరూప ఉన్నదా అన్నా' అని నన్నే అడిగేవాళ్లు. నన్ను కన్న మా అవ్వ కొమురవ్వది గాజుల చప్పుడంత సన్నటి గొంతు. నేను చిన్నప్పుడు ఏడిస్తే నవ్వేది. "నీకు మీ బాపు గొంతే వచ్చింది. నా గొంతు నాతోనే పోతది పో" అనేది. నాలుగేళ్ల కింద ఆ మాట నిజం చేసింది. అవ్వ గొంతు ఏ ఫోనులోనూ లేదు. రికార్డు చేసుకోవాలని మాకు ఎప్పుడూ తోచలేదు. రోజూ వినేదాన్ని ఎవరు దాచుకుంటారు!

ఇప్పుడు ఆ గొంతు నా నోట్లోంచి బాపు చెవిలోకి పోతోంది. నాకు మాత్రం నా బొంగురే వినిపిస్తోంది. ఆయన వెక్కి వెక్కి ఏడుస్తుంటే నాకు జాలి వేసింది, జాలి కన్నా ముందు కుళ్లు పుట్టింది. అవ్వ నాకు కూడా అవ్వే.

ఆ మధ్యాహ్నం కంప్యూటరు ముందు కూర్చుని నా గొంతును పైకి లేపి చూశాను. ఎంత లేపినా బొమ్మ మాట్లాడినట్టే వచ్చింది. పచ్చి చెవి ఒక్కో స్వరాన్ని ఒక్కో కొలతలో జరుపుతుంది, ఆ కొలత ఏ యంత్రానికీ తెలియదు. బాపుకు వినిపిస్తే చెయ్యి విదిలించాడు. తర్వాత నా మణికట్టు పట్టుకుని నెమ్మదిగా అడిగాడు.

"ఆ రెండో సూది రేపే వేస్తే, చెవి గిక్కడనే ఆగుతదంట కద?"

ఆగుతుంది. నిబంధనల్లోనే ఉంది, రోగి ఏ రోజు కోరితే ఆ రోజు ఆపేయాలి. మేడమ్ స్వయంగా వచ్చి, మంచం ఎదురుగా కూర్చుని, పెదాలు కనిపించేలా నిదానంగా చెప్పింది.

"పెద్దాయనా, చెవి మీది, మాట మీది. కానీ వినండి. పచ్చిగా ఉన్నప్పుడు ముడేస్తే ఆ పొర నిలవదు. ఏడాది, మహా అయితే రెండేళ్లు. ఆ తర్వాత మళ్లీ చెవుడే, ఈసారి మందు కూడా పనిచెయ్యదు. ఇంకో పది రోజులు ఓపిక పడితే బతికినన్నాళ్లూ వింటారు."

"రెండేండ్లు సాలమ్మా" అన్నాడు బాపు. "ఆమె లేకుంట ఇరువై ఏండ్లు ఇని ఏం జేస్త?"

మర్నాడు సాయంత్రం నాలుగింటికి సూది అని ఖాయమైంది. కాగితం మీద బాపు వంకర టింకరగా సంతకం పెట్టాడు. మేడమ్ వరండాలోకి వచ్చి నన్ను నిలదీసింది.

"చెప్పవేంటమ్మాయ్? నీ మాట వింటాడుగా. ఇంతా చేసి మళ్లీ చెవిటివాణ్ణి చేసి పంపిద్దామా?"

నేను ఏం చెప్పను! నేను నోరు తెరిస్తే ఆయనకు అవ్వ చెప్పినట్టుంటుంది. ఆ గొంతుతో 'నా గొంతు వదులుకో' అనడం నా వల్ల కాలేదు.

పన్నెండో రోజు భోజనాలయ్యాక బాపు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "ఏదన్న మాట్లాడు" అని కళ్లు మూసుకున్నాడు. ఊళ్లో మేకల సంగతి చెప్పాను. చిన్నత్త కొడుకు ట్రాక్టరు బోల్తా కొట్టిన సంగతి చెప్పాను. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ ఎక్కువైందని క్యాంటీను వాళ్లను తిట్టాను. ఆయన ఊఁ కొడుతూ, మధ్యలో నవ్వుతూ విన్నాడు. ఉన్నట్టుండి కళ్లు తెరవకుండానే అడిగాడు.

"అవ్వ వోయేటప్పుడు ఏమన్నది?"

ఈ ప్రశ్న నాలుగేళ్ల కింద ఒకసారి అడిగాడు. 'ఏమనలే, నిద్రల వోయింది' అని పెదాలు కదిపి చెప్పాను. ఇప్పుడూ అదే అందామని నోరు తెరిచాను.

"సూసి చెప్పు" అన్నాడు. "ఈ గొంతు నాకెన్నడు అబద్దమాడలే."

ఇక నా వల్ల కాలేదు.

మా బాపు పేరు ఓదెలు. ఓదెల మల్లన్నకు మొక్కితే పుట్టాడని మా నాయనమ్మ పెట్టుకున్న పేరు. మా వైపు ఆడవాళ్లు మొగుడి పేరు ఎత్తరు. అవ్వ మరీ పట్టింపు మనిషి. ఆ పేరున్న ఊరి పేరు కూడా ఎత్తేది కాదు, 'మల్లన్న తావు' అనేది. బస్సు కండక్టరు ఎక్కడికమ్మా అంటే వేలు చూపించి నన్ను చెప్పమనేది.

ఆమె పోయిన రోజు ఎండాకాలం, పట్టపగలు. బాపు పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, మాకు వీపు పెట్టి, జావ కోసం మంట ఊదుతున్నాడు. నేను అవ్వ కాళ్ల దగ్గరున్నాను. అవ్వ కళ్లు తెరిచి "ఓదెలూ" అంది. నేను మల్లన్ననే తలుచుకుంటోందనుకున్నాను. ఆమె నోట ఆ పేరు పుట్టి బుద్ధెరిగి విన్నది లేదు, ఇంకేమనుకుంటాను? లేచి పోయి గూట్లోంచి మల్లన్న పసుపు, బండారి, తెచ్చి నొసట పెట్టాను. ఆమె తల అడ్డంగా ఆడించి మళ్లీ "ఓదెలూ" అంది. నేను ఇంకాస్త బండారి పెట్టి, దండం పెట్టుకోమని రెండు చేతులూ దగ్గరికి చేర్చాను. మూడోసారి పిలిచాక ఇక పిలవలేదు. బాపు జావ గిన్నె దించుకుని తిరిగేసరికి అయిపోయింది.

మూడో రోజు పిట్టకు పిండం పెట్టేటప్పుడు మా చిన్నత్త అంది, "మల్లన్న దగ్గరికి పోయి రావాలె. మా వదినె ఆ ఊరి పేరే ఎత్తకపోవు, పిచ్చిది" అని. చేతిలో అన్నం ముద్ద అలాగే ఉండిపోయింది. అప్పుడు తెలిసింది అవ్వ ఎవర్ని పిలిచిందో. ఆమె పిలిచినప్పుడు బాపు భుజం నాకు రెండడుగుల దూరంలో ఉంది. తడితే సరిపోయేది.

ఇదంతా బాపుకు చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు.

"నా పేరా?" అన్నాడు చివరికి. "పేరు పట్టి పిలిసిందా?"

"మూడుసార్లు."

"ఎట్ల అన్నదో అను."

కన్నతండ్రిని పేరు పెట్టి పిలవడం నా నోటికి రాలేదు. ఆయన గోడ వైపు తిరిగి, మంచం మీదే పొయ్యి ముందు కూర్చున్నట్టు గొంతుక్కూర్చుని, వీపు నాకు పెట్టి ఎదురుచూశాడు.

"ఓదెలూ" అన్నాను.

కదల్లేదు.

"ఓదెలూ."

భుజాలు వణికాయి.

"ఓదెలూ."

"ఆఁ" అన్నాడు బాపు. వెనక్కి తిరిగాడు. "వస్తున్ననే, కొమురవ్వా. వస్తున్న."

ఆయన ఏం విన్నాడో నాకు ఎన్నటికీ తెలియదు. నాకు వినపడింది నా గొంతే. అయినా ఇద్దరం ఒకరినొకరం పట్టుకుని, ఆనాడు ఏడవకుండా మిగిల్చుకున్నదంతా ఏడ్చాం.

కాస్త తేరుకున్నాక ఆయన అన్నాడు, "నువ్వు మల్లన్న అనుకున్నవ్. ఎవలైనా అట్లనే అనుకుంటరు." మళ్లీ, "గని, భుజం ముట్టకపోతివి బిడ్డా" అన్నాడు. ఆ రెండో మాట నేను మోయాల్సిందే. నాలుగేళ్లు ఒక్కదాన్నే మోశాను, ఇప్పుడు ఆయనకు తెలిసి మోస్తున్నాను, అంతే తేడా.

నాలుగు కొట్టింది. మేడమ్ సూది ట్రేలో పెట్టుకుని లోపలికి వచ్చింది. బాపు చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దమ్మా. పెరగనియ్యున్రి."

మేడమ్ నా వైపు చూసింది. నేను బాపు వైపు చూశాను.

"పిలిసింది, పలికిన" అన్నాడు. "ఇగ దినాం పిలిపిచ్చుకుంట కూసుంటే ఆమెకు నిమ్మలముంటదా? ఇంకోటి. అవ్వ గొంతు ఉన్నన్ని దినాలు ఈ పిల్ల గొంతు నాకు ఇనవడది. పదకొండేండ్లాయె దాని గొంతు ఇనక. ఎట్లున్నదో ఏమో."

చెప్పడం తేలికే. ఆ తర్వాతి రోజులు ఆయనకు రెండోసారి చావులా గడిచాయి. పదమూడో రోజు పొద్దున నేను మాట్లాడగానే "ఉన్నది, ఇంకా ఉన్నది" అన్నాడు. పదిహేనో రోజు "మీ అవ్వకు సర్ది చేసినట్టున్నది" అని నవ్వబోయాడు. పదిహేడో రోజు నేను మాట్లాడితే మొహం పక్కకు తిప్పుకున్నాడు. నేను గదిలోకి పోకుండా అద్దం బయట నిలబడితే, పలక మీద రాసి చూపించాడు, 'వచ్చి మాట్లాడు. పోయేదాన్ని పోనీ' అని. వెళ్లాను. ఒక్కోరోజు ఒక్కో మెట్టు దిగుతున్న ఆమెను సాగనంపడానికి రోజంతా వాగేదాన్ని. ఆయన కళ్లు మూసుకుని వినేవాడు. మేడమ్ నోటుపుస్తకంలో రోజురోజుకూ గీత కిందికి దిగుతోంది. 'అద్భుతం' అని ఆవిడ పక్కన రాసుకుంది. అది అద్భుతమే, నేను కాదనను.

ఇరవై ఒకటో రోజు పొద్దున మేడమ్ రెండో మందు సిద్ధం చేసి, చివరిసారిగా డప్పు కొట్టి చూడమంది. స్వరాలు వాటి చోట్లకు చేరాయో లేదో మిషన్ల కన్నా బాపు డప్పే బాగా చెబుతుందని ఆవిడకు నమ్మకం కుదిరింది. ఏసీ గదిలో రాత్రంతా పడున్న డప్పును బాపు ఒళ్లోకి తీసుకున్నాడు. చిర్రతో ఒక దెబ్బ వేసి తల పక్కకు వంచాడు. ఇంకో దెబ్బ వేశాడు. ఈసారి చెయ్యి డప్పు మీదే ఉంచి, తోలును నిమిరాడు.

"పచ్చిగున్నది" అన్నాడు.

మేడమ్ "ఆగాగు" అనడం కూడా మరిచిపోయి చప్పట్లు కొట్టింది. చెవి పెద్దదైంది, సరిగ్గా ఎదిగింది. బాపు మంచం మీద వాలి, కుడి చెవి పైకి వచ్చేలా పడుకుని, "వేయున్రమ్మా" అన్నాడు. సూది పడుతున్నంతసేపూ ఆయన కంటి నీళ్లు ముక్కు మీదుగా దిండు మీదికి కారుతూనే ఉన్నాయి. నొప్పి లేదని చెప్పాడు. నిజంగానే అది నొప్పి పుట్టే సూది కాదు.

"బాపూ" అన్నాను, దూది తీసేశాక.

ఆయన లేచి కూర్చుని నా మొహం కేసి చూశాడు. పెదాల వైపు కాదు, కళ్లలోకి చూశాడు.

"ఇంకా బొంగురువడ్డది" అన్నాడు. "నా గొంతే." కండువాతో మొహం తుడుచుకుని, డప్పు నా చేతికిచ్చాడు. "ఇంత గడ్డి తే బిడ్డా. కాపాలె."

నేను గడ్డి కోసం వెళ్లాను.